వెనక స్పీకర్లు

"వెనక నుంచి వినపడుతుందా?" అని అడిగాడు దుకాణానికి వచ్చిన ముసలి డ్రైవరు.

సేల్స్‌మన్ అప్పటికే మూడు సౌండ్‌బార్లు మోగించి చూపించాడు. ఒకదాన్ని మించి ఒకటి దుకాణం అద్దాలు అదిరేలా మోగాయి. డ్రైవరు ముఖంలో మాత్రం చలనం లేదు.

"వెనక నుంచి వస్తున్నట్టే అనిపిస్తుందండీ. దీని స్పెషాలిటీయే అది."

"అనిపించడం కాదు బాబూ. రావాలి."

సేల్స్‌మన్ తల గోక్కుని, మూల నుంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి లాగాడు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, దిమ్మలా ఒక బాస్ డబ్బా. పేరున్న కంపెనీ కాదు.

"చవకలో ఇంతకు మించి రాదండీ. కానీ దేని గొంతు దానిదే, ఒకదాన్లో ఒకటి కలవదు. వెనక వాటికి మాత్రం గది పొడవునా వైరు లాగాలి. ఇంట్లో ఆడవాళ్ళు ఊరుకోరు మరి."

"కట్టేయండి," అన్నాడు ఆయన.

సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. సినిమాలంటే గిట్టదు. టీవీలో పాట వస్తే ఛానెల్ మార్చే రకం. అలాంటివాడు, కూతురు పోయి నెల తిరగకుండానే హోమ్ థియేటర్ కొన్నాడంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు?

జ్వరమని తన కాళ్ళతో నడిచి ఆసుపత్రికి వెళ్ళిన పిల్ల. మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు "తింటావా", "ఊఁ" దగ్గరే ఆగిపోయాయి. ఇద్దరికీ ఏడుపు కూడా రావడం లేదు. పని నుంచి గొంతు బొంగురుపోయి వచ్చే కూతురికి వేన్నీళ్ళు కాచిచ్చిన అలవాటు ఆవిడ చేతులకింకా పోలేదు. పొద్దువాలగానే గిన్నె పొయ్యి మీద పెట్టేది. కాసేపు దానివంక చూసి దించేసేది.

పెట్టె ఇంటికి చేరేసరికి బావమరిది వచ్చి ఉన్నాడు.

"ఇదేంటి బావా?"

"స్పీకర్లు."

"అది కనపడుతూనే ఉంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే... మిగతాది నేను చెప్పాలా? అక్క ముఖం చూశావా ఒక్కసారైనా?"

ఆయన చూశాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, పక్కింటివాళ్ళ సామాను పొరపాటున మన ఇంట్లో దించినట్టు ఆ పెట్టెను చూసి, లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది అనుకున్నాడు. ఎందుకు కొన్నాడో చెబుదామనుకున్నాడు. తీరా చెప్పాక అనుకున్నది కాకపోతే? పెట్టెను గోడవారకి జరిపాడు.

మర్నాడు బిగించడానికి మెకానిక్ వచ్చాడు. నోరు ఊరుకోని మనిషి.

"అసలు వెనక స్పీకర్లు పెట్టించుకునేవాళ్ళే తక్కువండీ. పెట్టించుకున్నా నాలుగు రోజులు పోతే వాటి మీద తువ్వాళ్ళు ఆరేస్తారు."

ఎవరూ నవ్వలేదు. అతనూ తన నవ్వు మింగేసి, గోడవారగా వైరు లాగి, సోఫాకి వెనక అటొకటి ఇటొకటి, కూర్చున్నవాడి చెవికి కాస్త పైగా బిగించాడు.

"మంచి ఫైటింగ్ సినిమా పెట్టనా? బాస్ చూద్దురుగాని."

ఆయన ఒక సినిమా పేరు చెప్పాడు.

"అదా! వారం కూడా ఆడలేదు కదండీ. ఏముందందులో?"

"రైల్వే స్టేషన్ సీనుంది. అది పెట్టు బాబూ."

తెర మీద రైలు వచ్చి ఆగింది. హీరో హీరోయిన్ చేతులు పట్టుకుని ఏదో బరువైన డైలాగు అందుకున్నాడు. చుట్టూ ప్లాట్‌ఫాం నిండా జనం.

"ఆ మధ్య స్పీకరు తగ్గించు."

"మాటలొచ్చేది దాంట్లోంచేనండీ. తగ్గిస్తే హీరో ఏమన్నాడో వినపడదు."

"వినపడక్కర్లేదు. ఆ బాస్ డబ్బా కూడా ఆపెయ్యి."

మెకానిక్ బావమరిది వంక చూశాడు. బావమరిది పెదవి విరిచాడు. బావకి మతి చలించిందని అతను అప్పుడే ఖాయం చేసుకున్నాడు.

బస్సు నడిపినన్నాళ్ళూ ఆయన కళ్ళు రోడ్డు మీద, చెవులు వెనక. ఎంత తోపులాటలోనైనా ఏ గొంతు ఎవరిదో తల తిప్పకుండా చెప్పేవాడు. ఇప్పుడూ సోఫాలో నిటారుగా కూర్చుని ముందుకే చూస్తున్నాడు. హీరో నోరు ఆడుతోంది, మాట లేదు. వెనక నుంచి జనం హోరు మాత్రం గదిలోకి వచ్చింది. కూలీల కేకలు, పిల్లల ఏడుపులు, ఎవరో ఎవరినో పిలవడం.

"ఎడమ పక్కది పెంచు."

పెంచాడు.

"మళ్ళీ మొదట్నుంచి పెట్టు. ఇంకాస్త పెంచు."

"సినిమా ఇటుంటే మీరు అటు వింటారేంటండీ?" అని గొణుక్కుంటూనే పెంచాడు మెకానిక్.

హోరులోంచి ఒక ఆడపిల్ల గొంతు విడివడి గబగబా పలికింది.

"ఏమండోయ్, సంచీ మర్చిపోయారు!"

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. ఆవిడ తడిచేతులతోనే వచ్చి, టీవీ వంక చూడకుండా, సోఫా వెనక ఎడమ స్పీకరు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

"అక్కా..." అంటూ లేవబోయాడు తమ్ముడు.

ఆవిడ చెయ్యెత్తి అతన్ని ఆపింది. "ఇంకోసారి పెట్టమనండి," అంది మొగుడితో.

సినిమాల్లో జనం కేకలకు గొంతిచ్చే పని చేసిన వాళ్ళ అమ్మాయి, ఆ జనంలో కలిసిపోకుండా విడిగా పలికిన మాట అదొక్కటే.