యాభై ఒకటో అడుగు

"యాభై! ఈ దిక్కుమాలిన యాభై కోసం నేను ఇల్లు వదలాలా?" వాలుకుర్చీలోంచి కదలకుండానే కసిరాడు ప్రొఫెసర్ బసవపున్నయ్య.

భద్రాచలం దగ్గర గోదావరి యాభై అడుగులకు చేరింది. ఆయన ఇంటి మూడు మెట్లలో రెండు అప్పటికే మునిగాయి. వీధంతా ఖాళీ. రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ సంతోష్ పొద్దుటి నుంచి రావడం ఇది మూడోసారి. ఈ పడవ తప్పితే పెద్దాయన్ని తీసుకుపోవడానికి ఇంకో పడవ రాదు.

"సర్, నలభై ఎనిమిదికే రెండో హెచ్చరిక ఇచ్చిన్రు. జల్దీ లేవండి."

"నలభై ఎనిమిదా? అదో సంఖ్యా? ఎవడు పడితే వాడు వచ్చి భాగించిపోయే సత్రం! నలభై ఏడు దగ్గర పిలిచి ఉంటే వచ్చేవాణ్ణి. అప్పుడు నిద్రపోయారు. ఇక యాభై మూడు దాకా ఆగండి. అసలు ప్రధాన సంఖ్యంటే ఏమిటో తెలుసా నీకు?"

"ఒకటితోని, దానితోని తప్ప ఇంక దేనితోని భాగం పోనిది సర్."

"బట్టీ పట్టావు. ఏ ఊరు?"

"తల్లాడ పక్కన తండా సర్."

"అదీ!" అన్నాడు ప్రొఫెసర్, ఏదో రుజువైపోయినట్టు.

సంతోష్‌కు ఒళ్లు మండింది. గణితంలో దేశమంతా పేరున్న మనిషని ఓర్చుకున్నాడు. ఈయన గురించి కథలు కథలుగా విన్నాడు మరి. పంక్తిలో పన్నెండో విస్తరి ముందు కూర్చోబెట్టారని సొంత చెల్లెలి పెళ్లిలో అన్నం ముట్టకుండా లేచిపోయాడట. క్యాలిక్యులేటర్ పట్టుకొచ్చిన శిష్యుణ్ణి కిరాణా కొట్టు పెట్టుకో పొమ్మన్నాడట. సరిసంఖ్యల్లో మర్యాద తెలిసింది ఒక్క రెండుకే అంటాడట.

పడవలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆయన భార్య నిర్మలాదేవి నిట్టూర్చింది.

"నాతో ఏడడుగులు నడిచిందీ ఏడు ప్రధాన సంఖ్య కాబట్టే బాబూ."

"ఇంక నాతోని కాదు సారూ," అన్నాడు పడవ నడిపే జంపయ్య. "నీళ్లు గుంజుతున్నయ్. అయితే ఎక్కమను, లేకుంటే నేను పోతా."

సంతోష్ ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి మెసేజ్. చూసి నీరుగారిపోయాడు.

"సర్... యాభై ఒకటి."

మూడో మెట్టూ మునిగింది. నీళ్లు గడప దాటి వాలుకుర్చీ కిందికి పాకాయి. ప్రొఫెసర్ చటుక్కున కాళ్లు పైకి లాక్కున్నాడు. నీళ్ల వంక ఒకసారి, పడవ వంక ఒకసారి చూశాడు.

"యాభై ఒకటి... ప్రధాన సంఖ్య! అదీ, సంఖ్యంటే అలా ఉండాలి. పద."

సంతోష్ ఆయన్ని రెండు చేతులా పట్టుకుని పడవలో కూర్చోబెట్టాడు. జంపయ్య తెడ్డు వేశాడు.

వీధి మలుపు తిరిగినా ప్రొఫెసర్ నోరు ఆగలేదు. "యాభైకీ యాభై ఒకటికీ తేడా తెలియనివాళ్లకు ఉద్యోగాలిస్తే ఇంతే. తండా నుంచి వచ్చి మాకు లెక్కలు చెబుతారు!"

సంతోష్ ఇక పట్టలేకపోయాడు. "సర్, యాభై ఒకటి..." అని మొదలుపెట్టాడు.

నిర్మలాదేవి అతని చెయ్యి గట్టిగా గిల్లి, చెవి దగ్గరకు వంగింది.

"కట్ట ఎక్కేదాకా నోరు మెదపకు నాయనా, పడవ వెనక్కి తిప్పమంటారు. పదిహేడు మూళ్లు యాభై ఒకటని నాకూ తెలుసు."