ఎడమ అంచు

పట్టాల చివర మూసేయడమే మంచిది, ఎన్నాళ్లని అలా తెరిచి ఉంచుతాం అనుకుంటూ అతను పెన్సిలు చెక్కాడు. బొమ్మరైలు కోసం అతనూ తమ్ముడూ ఎవరింట్లో వాళ్లు ఒక్కో బల్ల తయారు చేసుకుని, కలిసినప్పుడు ఇతని బల్ల ఎడమ అంచుకు తమ్ముడిది జోడించాలని అనుకున్నారు. అందుకే ఇద్దరి పట్టాలూ ముందంచు నుంచి సరిగ్గా నాలుగంగుళాల దగ్గర బల్ల చివరికి రావాలి, అప్పుడే ఒకదానికొకటి అతుకుతాయి. ఏడాది కిందట తమ్ముడు పోయాడు. వాడి బల్లను చెదలు తినేశాయి.

“ఆ ఎడమ చివర అడ్డుకట్ట పెట్టేయండి. ఇంకెవరొచ్చి కలుపుతారు?” అంది భార్య, ఆవులిస్తూ.

“వాడు తిడతాడే.”

“తిట్టడానికైనా రమ్మనండి, చూద్దాం,” అని నవ్వి, వెళ్లి పడుకుంది.

ప్లాను కాగితం మీద ఎడమ అంచున అడ్డగీత గీశాడు. చివరిసారిగా ఇంజను నడిపాడు. మీట తిప్పడంలో చెయ్యి ఆలస్యమైంది. ఇంజను అంచు దాటి చీకట్లోకి వెళ్లిపోయింది. కింద పడే చప్పుడు కోసం చెవులు రిక్కించాడు.

పడలేదు. అతుకు దాటినట్టు టక్కుమంది. ఆపైన చక్రాల చప్పుడు ఒక బల్ల పొడవునా సాగి, ఆగింది. అక్కడ పట్టాలు లేవు, బల్లా లేదు.

అతను టేబుల్ ల్యాంపు అటు తిప్పలేదు. కాసేపటికి చప్పుడు నెమ్మదిగా తిరిగి రాసాగింది. రబ్బరు తీసుకుని, కాగితం చిరగకుండా, ఆ అడ్డగీతను చెరిపేశాడు.