గవ్వలదీవిలో నాలుగు గంటల ఆట

గవ్వలదీవికి వచ్చేవాళ్లందరూ రేవులోనే కంపెనీ ఇచ్చే కళ్లద్దాలు పెట్టుకుంటారు. ఎవరికి ఏ చరిత్ర ఇష్టమైతే అదే వాటిలో కనిపిస్తుంది. కొందరికి సముద్రపు దొంగలు, కొందరికి రాకుమార్తెలు. గైడుగా నా పని వాళ్లు రాళ్లు తగిలి పడిపోకుండా చూడడమే. అసలు చరిత్ర చెబితే ఉద్యోగం పోతుంది.

నిన్న సాయంత్రం హైదరాబాదు జంట ఒకటి నా భార్య నూకరత్నం సమాధి మీదికెక్కి చిందులేసింది. వాళ్ల అద్దాల్లో అది రాకుమార్తె నాట్యవేదిక. నూకరత్నం ఈ దీవి మంత్రసాని. తుపాను రోజు అందరూ పడవలెక్కినా, పురిటి మనిషిని వదల్లేక ఉండిపోయింది. తల్లీబిడ్డా దక్కారు, ఆవిడ దక్కలేదు.

అబ్బాయి ఆ రాతి మీద బీరు ఒంపాడు.

“దిగండి బాబూ! అది మా ఆవిడ సమాధి,” అంటూ ఏడ్చేశాను.

అమ్మాయి అద్దాలు తీసేసి, గబుక్కున దిగి, తన చున్నీతో రాయి తుడిచింది. అబ్బాయి మాత్రం చప్పట్లు కొట్టాడు. “ఏం యాక్టింగ్ అంకుల్! ఫైవ్ స్టార్ ఇచ్చేస్తున్నా!”

పొద్దున్నే మేనేజరు తారకేశ్వర్రావు పిలిపించాడు.

“ఆ కుర్రాడి రివ్యూ చూసినోళ్లందరికీ మీ ఏడుపే కావాలంట మేస్టారూ. రోజూ నాలుగింటికి అక్కడ ఏడవండి. అద్దాల్లో మీ ఆవిణ్ణి కాస్త పడుచుగా చూపిస్తాంలెండి.”

అతని ముఖాన ఉమ్మాలనిపించింది.

“దాని మీదికి ఎవరూ ఎక్కకుండా కంచె వేయిస్తారా?”

“ఆట ఉంటే కంచె ఉంటాది.”

“ఎన్ని నిమిషాలు ఏడవాలి?” అని అడిగాను.