వెనక్కి తిప్పిన పంటు

శనాదివారాలు బీచ్‌లు చూద్దామని ఒంటరిగా వచ్చిన గుడివాడ ఫణికుమార్‌కు నోరు ఊరుకోదు. కార్తీకమాసపు చీకట్లో ఎదురుమొండి నుంచి జనాన్ని ఏరు దాటించే చివరి పంటు కదలగానే, అందులోనే వెనకాల నిలబడి ఆడగొంతుతో "ఆగండయ్యా, నేనూ వస్తా" అని అరిచాడు. నవ్వుతారనుకున్నాడు. పంటు నడిపే సరంగు పెద్దిరాజు ఎవరినీ ఒడ్డున వదిలేసే మనిషి కాడు. పంటును వెనక్కి తిప్పాడు.

ఒడ్డున ఎవరూ లేరు. పంటు మాత్రం ఎవరో ఎక్కినట్టు ఓ పక్కకి ఒరిగి, మళ్లీ సర్దుకుంది.

ఫణికుమార్ తల వాలిపోయింది. "అరిచింది నేనేనండీ, సరదాకి. క్షమించండి" అని అందరికీ చెప్పాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

చేపలమ్మే వీరమ్మ తన బుట్ట పక్కకి లాక్కుంది. "నువ్వరిస్తేనేగా బాబూ, పంటు ఆగింది. కాస్త జరిగి చోటియ్యి. పాపం, తడిసి ముద్దయిపోయింది."