చంద్రుడి మీద తొక్కుడుబిళ్ల

"గెంతకే! ఆక్సిజన్ ఇరవై నిమిషాలకే ఉంది," కంట్రోల్ రూమ్ నుంచి మొగుడు బతిమాలాడు.

నౌక పాడై చంద్రుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయిన ఆమె, బూటుకాలితో మట్టిలో గళ్లు గీస్తోంది.

"ఆదా చేసి ఎవరికి పెట్టను? ఇంకో నౌక రావడానికి నెల పడుతుందిగా!"

"ఇప్పుడు తొక్కుడుబిళ్లేమిటే, పిచ్చిదానా?"

"ఇక్కడ గాలి వీచదు, గీతలు చెరగవు. వచ్చేవాళ్లకి ముందు నేను కనపడితే జడుసుకుంటారు. ఆట కనపడితే ఉత్సాహంగా దిగుతారు."

అతను కళ్లు తుడుచుకుని నవ్వేశాడు.

"మూడో గడిలో బిళ్ల వేశాను. నా వంతు అయింది. తర్వాత ఎవరు?"

తర్వాతి నౌకలో వెళ్లాల్సి ఉండి, "మేం వెళ్లం" అని పొద్దున మొండికేసిన వ్యోమగామి అమ్మాయిలిద్దరూ అతని వెనక నుంచి ఒక్కసారే అరిచారు.

"నేను!"

"కాదు, నేను!"

"ఏయ్, తొండి చెయ్యకండర్రా!" అంటూ చంద్రుడి మీంచి నవ్వు వినిపించింది.