సభ్యులకు ఇబ్బంది కలగకుండా

"ఈవిడ సభ్యురాలు కాదు" అన్నాడు ఆర్వో, ల్యాప్‌టాప్‌ను కైసా వైపు తిప్పుతూ.

ఫిన్లాండ్‌లోని టంపెరె ఊరి లైబ్రరీ క్యాంటీన్లో ప్రతి సోమవారం ఇద్దరూ కలిసేది ఇందుకే. పాత అకార్డియన్ల మరమ్మతు కోసం నడిచే మెయిలింగ్ లిస్టుకు వాళ్లు మోడరేటర్లు. సభ్యులు రాసింది తిన్నగా అందరికీ వెళ్తుంది. బయటివాళ్లు రాసింది గుమ్మం దగ్గరే ఆగుతుంది. వీళ్లిద్దరూ సరేనంటేనే లోపలికి.

ఆగిన ఉత్తరం హెల్వీ అనే ఆమెది.

'శనివారం మా ఊళ్లో నడివేసవి పండగ. డాన్సుకి ఈ ఒక్కసారీ వాయించి మానేస్తానంటున్నాడు మా నాన్న. ఆయన అకార్డియన్లో స్వరాలు పలికే రీడ్లను పట్టి ఉంచే మైనం పెళుసెక్కి అవి ఊడిపోతున్నాయి. కొత్త మైనంలో ఏం కలపాలో ఎవరైనా చెప్పరూ?'

కైసాకు జాలేసింది. "తేనె మైనంలో కాస్త పైన్ బంక. అంతేగా, నేను చెప్పేస్తాను."

"మోడరేటర్‌వి నువ్వే చాటుగా చెప్పేస్తే ఇక లిస్టెందుకు? ముందు ఉత్తరం సభ్యులకు చేరాలి. తర్వాత సభ్యురాలిగా జవాబివ్వు, ఎవరొద్దన్నారు?"

"అయితే పంపించెయ్."

"ఇవాళ ఈవిడ. రేపు బట్టతలకి మందు అమ్మేవాడొస్తాడు. సభ్యులు ఊరుకుంటారా?"

"నీ సభ్యులు ఏనాడైనా నోరెత్తారా?"

"అదీ క్రమశిక్షణంటే. ఒక్క గొడవ లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఇలాంటి లిస్టు ఫిన్లాండ్ మొత్తంలో ఇంకోటి చూపించు."



ముందు సభ్యత్వం తీసుకోమని ఆర్వో జవాబు పంపాడు. పాపం, హెల్వీ వెంటనే దరఖాస్తు పెట్టింది. దానికి ముగ్గురు సభ్యుల సిఫారసు కావాలని తిరిగి పంపాడు. ఆ నియమం పెట్టిందీ ఆయనే.

మర్నాడు కైసా ఫోన్ చేసి తిట్టిపోసింది. "నీ నియమాలు తగలెయ్య. ఆ పెద్దాయన పండగ అయ్యాక వాయించాలా?"

ఆర్వో మెత్తబడ్డాడు. ప్రత్యేక అనుమతికి ఒప్పుకున్నాడు. అయితే బయటి ఉత్తరంతో ఇబ్బంది పెడుతున్నందుకు సభ్యులకు క్షమాపణ జోడించాలన్నాడు. అందులో 'విచారిస్తున్నాం' అనాలా, 'మన్నించండి' అనాలా అన్న దగ్గర మాటామాటా పెరిగింది. అది తేలేలోపే పండగొచ్చింది. ఊరంతా సరస్సుల పక్కన వేసవి ఇళ్లకు పోయింది, ఆర్వో కూడా ల్యాప్‌టాప్ మూసి పోయాడు.

సోమవారం మళ్లీ కలిసేసరికి గుమ్మం దగ్గర హెల్వీ ఇంకో ఉత్తరం ఆగి ఉంది.

'ఇంక అక్కర్లేదండీ. శనివారం స్పీకర్లు పెట్టి కానిచ్చేశారు. నాన్న అకార్డియన్ అటకెక్కించాడు. దించనివ్వడం లేదు.'

కైసాకు చచ్చేంత సిగ్గేసింది. ముందున్న కాఫీ ముట్టలేదు.

"అయినా సరే, అనుమతి అనుమతే" అన్నాడు ఆర్వో గంభీరంగా. 'మన్నించండి' అన్నదే ఖాయం చేసి, మొదటి ఉత్తరానికి క్షమాపణ జోడించి, సభ్యులందరికీ పంపేశాడు.

బల్ల మీదున్న రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి, ఆ లిస్టులో వాళ్లిద్దరూ తప్ప ఇంకో సభ్యుడు లేడు.