సగం డాక్టరు

"కాలిపుండు చక్కగా మానిందండీ. పోయినవి కిడ్నీలు మాత్రమే," అన్నాడు డాక్టరు.

అన్నయ్య మొహం వెలిగిపోయింది. "విన్నావురా? పుండు మానిందట!"

కళ్లజోళ్ల షాపు పెట్టిన నాటి నుంచీ మా అన్నయ్య సగం డాక్టరు. ఇంట్లో ఎవరు తుమ్మినా యాంటీబయాటిక్కే. నా కాలికి పుండు లేచేసరికి బిళ్లల నుంచి ఇంజెక్షన్లకి ఎదిగాడు. పొడిచిందీ తనే.

"భయపడకు. ముందు నేను వేసుకుని చూశాకే నీకు వేస్తున్నా," అనేవాడు. కోతలకి పన్ను లేదు కదా అని ఊరుకునేవాణ్ణి.

"ఆ మందు ఇష్టమొచ్చినట్టు వాడితే కిడ్నీలు తినేస్తుంది. ఎవరు వేశారు?" అడిగాడు డాక్టరు.

నేను అన్నయ్య వైపు చూశాను. అన్నయ్య ఫ్యాను వైపు చూశాడు.

"ఇవిక కోలుకోవు. ఇంట్లోవాళ్లెవరైనా ఒక కిడ్నీ ఇవ్వగలిగితే బాగుంటుంది."

ఇప్పుడు బయటపడుతుంది మా సగం డాక్టరు ధైర్యం, అనుకున్నాను.

"నాది తీసుకోండి," అన్నాడు అన్నయ్య, షాపులో ఫ్రేము తీసిచ్చినంత తేలిగ్గా.

అన్నయ్యకి పరీక్షలన్నీ చేశారు. మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు రిపోర్టులు అన్నయ్య ముందుకి జరిపాడు.

"మీవి పనికిరావండీ. మీ తమ్ముడివాటికన్నా ముందే దెబ్బతిన్నాయి."

అన్నయ్య నా వైపు తిరిగాడు.

"చూశావా? ముందు నేను వేసుకున్నాకే నీకు వేశానంటే నమ్మావా నువ్వు?"